గెట్టు పంచాయితీలో అరెస్టు చేస్తే: ఏ కాగితాలు దాచాలి, పరిహారం ఎవరిని అడగాలి

నల్గొండ కోర్టులో నా టేబుల్ దగ్గరికి వచ్చే రైతులు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "వకీలమ్మా, భూమి నాది. నా భూమిలోకి నేను పోతే అరెస్టు చేస్తారా?" అంటూ ప్లాస్టిక్ కవరులోంచి పట్టాదారు పాసుపుస్తకం తీసి ముందు పెడతారు. నేను దాన్ని తెరవను. ఆ రోజు ఆ చెలకలో ఎవరి పంట ఉంది, పోలీసులు తీసుకెళ్లేటప్పుడు మీ చేతికి ఏ కాగితం ఇచ్చారు, స్టేషన్‌లోకి ఎన్ని గంటలకు పోయి ఎన్ని గంటలకు బయటికి వచ్చారు అని అడుగుతాను. పట్టా చూడకుండా ఈవిడ ఏమి వకీలు అన్నట్టు కొందరు ముఖం పెడతారు.

భూమి ఎవరిదో సివిల్ కోర్టు తేలుస్తుంది. అది ఏళ్లు పట్టే పని. అరెస్టు సక్రమమా అక్రమమా అన్నది వేరే లెక్క. ఆ గంటకు పోలీసు అధికారి ముందు ఏ సమాచారం ఉంది, దాన్ని చూసి ఆయన ఏ కారణం రాసుకున్నారు అన్నదాని మీదే అది నిలుస్తుంది. రెండేళ్ల తర్వాత కేసు కొట్టేసినంత మాత్రాన ఆనాటి అరెస్టు అక్రమం అయిపోదు. ఫిర్యాదులో కొంత నిజం ఉన్నంత మాత్రాన అరెస్టు సక్రమమూ అయిపోదు. ఈ తేడా పట్టుకోకుండా పరిహారం దావా వేసినవాళ్లు కోర్టు ఫీజు కూడా పోగొట్టుకుంటారు. కాబట్టి అరెస్టు లెక్కను భూమి లెక్కతో కలపకుండా చదవండి.

అక్రమ ప్రవేశం ఎప్పుడు నేరం

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. మన ఊళ్లలో ఇంకా "447 కేసు" అనే అంటారు గానీ ఇప్పుడది 329(3). శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంట్లోకి చొరబడితే 329(4), అందులో జైలు ఏడాది వరకు. రెండింటిలోనూ పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలరు, రెండింటిలోనూ బెయిలు నిందితుడి హక్కు.

ఈ సెక్షన్ యజమాని ఎవరని అడగదు, స్వాధీనం ఎవరిదని అడుగుతుంది. ఒకరి స్వాధీనంలో ఉన్న ఆస్తిలోకి, నేరం చేయాలనో వారిని బెదిరించాలనో అవమానించాలనో చికాకు పెట్టాలనో ఉద్దేశంతో పోవాలి. పట్టా మీ పేరున ఉన్నా పదేళ్లుగా దాయాది దున్నుతున్న మడిలోకి తెల్లవారుజామున ట్రాక్టరు దింపితే మీరే నిందితులు కావచ్చు. స్థిరపడిన స్వాధీనంలో ఉన్న మనిషిని అసలు యజమాని కూడా బలవంతంగా వెళ్లగొట్టకూడదని, కోర్టు ద్వారానే తొలగించాలని 2003లో రామే గౌడ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్వాధీనం మీదే అయితే మాత్రం అవతలివాడు ఎంత గొంతు చించుకున్నా ఈ నేరం నిలవదు. ఉద్దేశం విషయంలో మత్రీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పాత తీర్పు ఇప్పటికీ పనికొస్తుంది. మీరు పోవడం వల్ల అవతలివాడికి చికాకు కలుగుతుందని మీకు తెలిసి ఉండటం చాలదు, చికాకు పెట్టడమే పోవడానికి ప్రధాన ఉద్దేశమై ఉండాలి.

స్వాధీనం చూపడం ఒకప్పుడు తేలిక. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది, అందులో పేరుంటే సగం వాదన అయిపోయేది. ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ కాలమ్ పోయింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది గానీ, ఈ మధ్య ఏళ్లకు సంబంధించి స్వాధీనం రుజువు చేయాలంటే పక్క దారుల్లోనే వెతకాలి. వ్యవసాయ విస్తరణ అధికారి చేసిన పంట నమోదు వివరాలు, ఐకేపీ కేంద్రంలో ధాన్యం తూకం వేసినప్పటి రసీదు, పత్తి అయితే మార్కెట్ తక్‌పట్టీ (అమ్మకం చీటీ), బోరు మోటారు సర్వీసు నంబరు ఎవరి పేరున ఉందో చూపే కాగితం, ట్రాక్టరు కిరాయి ఫోనులో చెల్లించిన వివరం, ఇవన్నీ సాక్ష్యాలే. చెలకలో నిలబడి తీసిన ఫొటోలో తేదీ, చోటు నమోదై ఉంటే ఇంకా మంచిది.

తోటలున్నవాళ్లకు ఇంకో బలం ఉంది. బత్తాయి మొక్క కాపు పట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. కాపు మీదున్న తోటను చూపిస్తూ "నిన్న రాత్రి వచ్చి ఆక్రమించాడు" అని ఫిర్యాదు రాస్తే, ఆ మొక్కలు నాటింది ఎవరు, నీళ్లు పెట్టింది ఎవరు అన్న ప్రశ్న అక్కడే లేస్తుంది. నర్సరీ బిల్లు, డ్రిప్పు రాయితీ మంజూరు పత్రం, కాయ కోతకు గుత్త ఇచ్చిన ఒప్పందం మీ పేరున ఉంటే పట్టా కన్నా ఎక్కువ పని చేస్తాయి. గుత్తేదారుతో నోటిమాట మీద నడిపే అలవాటు ఎంత పాతదైనా సరే, ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరి సంతకాలు పెట్టించుకోండి.

సెక్షన్లు ఎందుకు పెరుగుతాయి

329(3) ఒక్కటే పెడితే నిందితుడు పూచీకత్తు ఇచ్చి సాయంత్రానికి ఇంటికి పోతాడని ఫిర్యాదు రాసేవాళ్లకు బాగా తెలుసు. అందుకే పిటిషన్‌లో కాయలు కోసుకుపోయాడని దొంగతనం చేరుతుంది, అది 303(2). మోటారు షెడ్డులోకి కర్రలతో వచ్చాడని 333 చేరుతుంది. ఈ 333లో శిక్ష ఏడేళ్ల వరకు, బెయిలు హక్కుగా రాదు. షెడ్డు ఇల్లెలా అవుతుందని అడుగుతారు. మనుషులు ఉండేచోటే కాదు, సొత్తు భద్రపరిచే కట్టడం కూడా ఈ సెక్షన్ల కిందికి వస్తుంది, అందుకే షెడ్డు పేరు రాస్తారు. ఎఫ్‌ఐఆర్ చేతికి వచ్చాక సెక్షన్ల వరసను చూసి బెంబేలెత్తకుండా కింద ఉన్న కథనం చదవండి. 333 రాసి, కథనంలో మాత్రం గెట్టు మీద నిలబడి తిట్టాడని ఉంటే, ఆ ఖాళీయే రేపు మీ వాదన. నేనైతే పెన్సిల్‌తో ప్రతి సెక్షన్ పక్కన దానికి ఆధారమైన వాక్యం నంబరు రాస్తాను. నంబరు దొరకని సెక్షన్లు ఎన్ని ఉన్నాయో చూస్తే ఫిర్యాదు ఎక్కడ తయారైందో అర్థమవుతుంది.

పోలీసు దగ్గర ఎంత ఆధారం ఉండాలి

నిజం చెప్పాలంటే, ఎక్కువ అవసరం లేదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 35వ సెక్షన్ ప్రకారం సహేతుకమైన ఫిర్యాదు, నమ్మదగిన సమాచారం, సహేతుకమైన అనుమానం, వీటిలో ఏదో ఒకటి ఉంటే అనుమానం అన్న మెట్టు దాటినట్టే. గెట్టు పక్క రైతు వచ్చి కళ్లారా చూశానని సంతకం పెడితే సాధారణంగా సరిపోతుంది. ఎస్సై జడ్జి కాదు, ఇరువైపుల సాక్ష్యం తూచి తీర్పు చెప్పాల్సిన పని ఆయనకు లేదు. కాబట్టి "నా మాట వినకుండా కేసు కట్టారు" అన్న ఒక్క మాట మీద అక్రమ అరెస్టు దావా గెలవదు.

అయితే ముందున్నదాన్ని చూడకుండా కళ్లు మూసుకునే హక్కు కూడా ఆయనకు లేదు. సివిల్ కోర్టు మీకు అనుకూలంగా ఇచ్చిన ఇంజంక్షన్ ఆర్డరు నకలు స్టేషన్‌లో ముందే ఇచ్చి ఉంటే, ఆ తర్వాత అదే భూమి మీద మిమ్మల్నే అక్రమ ప్రవేశం కింద అరెస్టు చేస్తే, ఆయన నమ్మకం సహేతుకమైనదని చెప్పుకోవడం కష్టం. ఇచ్చినట్టు రుజువు కావాలి. చేతికిచ్చి వచ్చాననడం రుజువు కాదు. రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. వేయనంటే అదే రోజు స్టేషన్‌కూ ఎస్పీ కార్యాలయానికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. గొడవ మొదలైన నాడే ఈ పని చేసినవాళ్లు తర్వాత నా పనిని సగానికి తగ్గిస్తారు.

అనుమానం ఉంటే చాలదు, అరెస్టు అవసరం కూడా ఉండాలి. పోలీసులు ఎక్కువగా తడబడేది ఈ రెండో మెట్టు మీదే. ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాల్లో అరెస్టు ఎందుకు తప్పనిసరో రాతలో చూపాలి: మళ్లీ నేరం చేయకుండా ఆపడానికా, దర్యాప్తు కోసమా, సాక్ష్యాలు చెరపకుండానా, సాక్షులను బెదిరించకుండానా, పారిపోకుండానా. 2014లో ఆర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ కారణాలను యాంత్రికంగా రాయకూడదని, రిమాండు చేసే మేజిస్ట్రేటు కూడా వాటిని పరిశీలించి తృప్తి చెందాలని చెప్పింది. అరెస్టు అవసరం లేకపోతే 35(3) కింద హాజరు కావాలని నోటీసు ఇవ్వాలి. సొంత ఇల్లు, భూమి, బర్రెలు ఉన్న రైతు ఎక్కడికి పారిపోతాడు? రిమాండు రిపోర్టులో "పారిపోయే అవకాశం ఉంది" అన్న వాక్యం మాత్రం అచ్చుగుద్దినట్టు కనిపిస్తూనే ఉంటుంది. ఆ వాక్యం కింద గీత గీసి ఉంచండి.

ఆ నోటీసు ఎలా వస్తుందో కూడా చూడాలి. "ఒకసారి స్టేషన్‌కు రా" అని కానిస్టేబుల్ ఫోను చేయడం నోటీసు కాదు. ఈ నోటీసులను వాట్సాప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని ఫోను కోసేసి కూర్చోమని నేను చెప్పను. నోటీసు కాగితం ఇవ్వండి, వస్తాను అని మర్యాదగా చెప్పండి. కాగితం చేతికి వస్తే మాత్రం తప్పక పోవాలి, ఎందుకంటే పోకపోవడమే అరెస్టుకు కారణం అవుతుంది. పోయేటప్పుడు ఇంట్లోవాళ్లో ఊరి పెద్దో ఒకరు వెంట ఉండాలి.

కొత్త చట్టంలో పెద్దవాళ్లకు ఒక రక్షణ ఉంది, ఊళ్లలో దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. 35(7) ప్రకారం మూడేళ్ల కన్నా తక్కువ శిక్ష ఉన్న నేరంలో, అరవై ఏళ్లు దాటినవారిని గానీ బలహీనులను గానీ డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. మన జిల్లాలో నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండల్లో డీఎస్పీలు ఉన్నారు. ఆధార్ కార్డు నకలు ఎప్పుడూ జేబులో ఉండాలని నా దగ్గరికి వచ్చే ప్రతి పెద్దాయనకూ చెబుతాను.

అవతలి రైతే మిమ్మల్ని పట్టుకుని చెట్టుకు కట్టేస్తే? తన కళ్ల ముందే నేరం జరిగితే మామూలు పౌరుడు కూడా మనిషిని పట్టుకోవచ్చు, కానీ అది బెయిలు హక్కుగా రాని నేరమై ఉండాలి, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. ఒట్టి అక్రమ ప్రవేశం ఆ కోవలోకి రాదు. గెట్టు దాటాడని మనిషిని కట్టేసినవాడు తానే న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం కేసులో ఇరుక్కుంటాడు.

స్టేషన్‌లో గడియారం చూసుకోండి

అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో ఊరిలో గౌరవనీయుడైన మనిషో సాక్షిగా సంతకం పెట్టాలి. మీరూ పెట్టాలి. మీకు కావలసిన ఒక మనిషికి కబురు చెప్పాలి. అరెస్టు చేసిన అధికారి పేరు కనిపించాలి. బెయిలు హక్కుగా దొరికే నేరమైతే ఆ సంగతి మీకు చెప్పాలి. విచారణ సమయంలో మీ న్యాయవాదిని కలవనివ్వాలి, అయితే విచారణ జరిగినంతసేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు లేదు. మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

అరెస్టుకు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో ఇంకొంచెం ముందుకెళ్లి, ఏ నేరమైనా ఆ కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని, అక్కడికక్కడ కుదరకపోతే కనీసం రిమాండుకు హాజరుపరచడానికి రెండు గంటల ముందైనా ఇవ్వాలని చెప్పింది. అంటే మనకు తెలుగులో. ఇంగ్లిషులో అచ్చయిన ఫారం మీద వేలిముద్ర వేయించుకుని "చెప్పాం" అంటే కుదరదు.

మెమోలో సమయం రాసిన గడిని చూడకుండా సంతకం పెట్టకండి. పొద్దున తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి, "పిటిషన్ మీద మాట్లాడుతున్నాం" అంటూ సాయంత్రం దాకా ఉంచి, అప్పుడు అరెస్టు చూపడం పాత అలవాటు. మనిషి తన ఇష్టప్రకారం లేచి బయటికి పోలేని క్షణం నుంచే 24 గంటల లెక్క మొదలవుతుంది. తెలంగాణ హైకోర్టు కూడా ఇదే చెప్పింది. తప్పు సమయం రాసి ఉంటే సంతకం పక్కన "పొద్దున పది గంటలకు తీసుకొచ్చారు" అని మీ చేతితో రాయండి. రాయనివ్వకపోతే మేజిస్ట్రేటు ముందు నోరు విప్పి చెప్పండి. అక్కడ చెప్పింది రికార్డు అవుతుంది. ఇంటికొచ్చాక చెప్పిందానికి అంత విలువ ఉండదు. దెబ్బలు తగిలితే డాక్టరుకు కూడా చూపించి రాయించండి.

కనగల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కేసు చెబుతాను. వయసు అరవై దాటింది, షుగరు ఉంది. దాయాది కొడుకు ఫిర్యాదు: గెట్టు రాళ్లు పీకాడు, డ్రిప్పు పైపులు కోశాడు. సెక్షన్లు 329(3), ఆస్తి పాడుచేసినందుకు 324(4), రెండూ మూడేళ్ల లోపు శిక్షవే. మెమోలో అరెస్టు సమయం సాయంత్రం ఆరున్నర, చోటు ఊరి బస్టాండు. ఆయన మాత్రం పొద్దుటి నుంచీ స్టేషన్‌లోనే ఉన్నానంటాడు. సాక్షులు ఎవరూ లేరు, ఊళ్లో ఎవరు చెబుతారు? ఆయన కొడుకు ఫోను తీసుకుని చెల్లింపుల వరస చూశాను. పదకొండు దాటాక స్టేషన్ ఎదురుగా ఉన్న హోటలుకు రెండు ఇడ్లీ ప్లేట్ల డబ్బు యూపీఐలో పోయింది. ఒంటి గంటకు పక్కనే ఉన్న మందుల దుకాణానికి షుగరు మాత్రల డబ్బు. ఆ దుకాణం బిల్లు మీద పెద్దాయన పేరు, సమయం అచ్చయి ఉన్నాయి. కొడుకు ఆ మాత్రలు లోపలికి తీసుకెళ్లి ఇచ్చాడు. సీసీ కెమెరాలో అది కనిపించి తీరాలి. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఒక్కటే అడిగాను, ఈయన అరెస్టుకు డీఎస్పీ అనుమతి ఇచ్చిన ఉత్తర్వు నకలు ఇవ్వండి అని. అలాంటి ఉత్తర్వు రికార్డులో లేదని జవాబు వచ్చింది. గెట్టు రాళ్లు ఎవరు పీకారో ఇప్పటికీ తేలలేదు, నాకు ఆ సంగతితో పని పడలేదు. దావా నడుస్తోంది.

పూచీకత్తు సంగతి క్లుప్తంగా: బెయిలు హక్కుగా వచ్చే కేసులో స్టేషన్‌లోనే ఇచ్చి పంపాలి. జామీనుదారు దొరకకపోతే సొంత పూచీకత్తు మీద వదలవచ్చు. వారం లోపు జామీను ఇవ్వలేకపోయిన మనిషిని పేదవాడిగానే భావించాలని చట్టం చెబుతుంది. తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తే దాన్ని శిక్ష అనుకోకండి, గొడవ చేయనని రాసిచ్చే బాండు మాత్రమే. దాని షరతులు చదివి సంతకం పెట్టండి.

బయటికి వచ్చిన వారంలో

స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు పద్దెనిమిది నెలలు దాచాలని, ఆ వసతి లేనిచోట కనీసం ఏడాదైనా దాచాలని 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీరు అడగకపోతే ఆ దృశ్యాలు దొరుకుతాయన్న భరోసా లేదు. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా, ముఖద్వారం, రైటర్ గది, లాకప్ కెమెరాల రికార్డింగు చెరపకుండా ఉంచాలని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఉత్తరం పొట్టిగా ఉండాలి. గెట్టు చరిత్ర అందులో వద్దు.

ఎఫ్‌ఐఆర్ పోలీసు వెబ్‌సైటులో దొరుకుతుంది. రిమాండు రిపోర్టు, అరెస్టు మెమో, అరెస్టు కారణాల చెక్‌లిస్టుకు కోర్టులో సర్టిఫైడ్ నకళ్ల కోసం దరఖాస్తు పెట్టండి. స్టేషన్ జనరల్ డైరీలో ఆ రోజు రాతలను సమాచార హక్కు కింద అడగవచ్చు. దర్యాప్తు నడుస్తోందని నిరాకరిస్తే ఆ జవాబును కూడా దాచండి, దావాలో కోర్టు ద్వారా తెప్పించడానికి పనికొస్తుంది. మీరు 100కు ఫోను చేసి ఉంటే ఆ సమయం మీ ఫోనులోనే ఉంటుంది. నష్టం లెక్క కూడా అప్పుడే రాయాలి. కోయక రాలిపోయిన కాయ, ఆగిన నాటు, కూలీలకు ఇచ్చి వదులుకున్న బయానా, ఆస్పత్రి బిల్లు, వకీలు ఫీజు రసీదు. ఏడాది తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిన లెక్కను అవతలి వకీలు సులువుగా చీల్చేస్తాడు.

పరిహారం ఎవరిని అడగాలి

ఇక్కడ ఇద్దరు వేర్వేరు ప్రతివాదులు ఉన్నారు, ఇద్దరి మీద రుజువు చేయాల్సింది కూడా వేరు.

పోలీసుల మీద అయితే ప్రశ్న నిర్బంధం గురించి: ఆధారం లేకుండానో, అవసరం చూపకుండానో, చట్టం చెప్పిన పద్ధతి తప్పో నిర్బంధించారా. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాది లోపు ఫిర్యాదు చేయాలి. హైకోర్టులో రిట్ వేసి రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద పరిహారం అడగవచ్చు. 1983లో రుదుల్ సాహ్‌కు సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. 1985లో ఎమ్మెల్యే భీం సింగ్‌కు 50,000 రూపాయలు, 2018లో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 50 లక్షలు సుప్రీంకోర్టు ఇప్పించింది. ఆ చివరి అంకె చూసి ఆశపడకండి, మన గెట్టు కేసు ఆ స్థాయిది కాదు. కాగితాల మీదే తప్పు బయటపడుతుంటే, ఉదాహరణకు డీఎస్పీ అనుమతి లేకపోవడం, కారణాలు రాసివ్వకపోవడం, రిట్ మంచి దారి. ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారన్నదే వివాదమైతే హైకోర్టు సివిల్ దావాకు పొమ్మంటుంది. ఆ దావా నిర్బంధం ముగిసిన నాటి నుంచి ఏడాదిలో వేయాలి. ప్రభుత్వం మీద, అధికారి మీద దావాకు రెండు నెలల ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు పంపాలి. ఆ నోటీసు కాలం ఏడాది లెక్కలోంచి మినహాయిస్తారు, అయినా చివరి నెల దాకా ఆగి నా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఫిర్యాదు చేసిన దాయాది మీద అయితే అది దురుద్దేశపూర్వక ప్రాసిక్యూషన్ దావా. కేసు అతను పెట్టించాడని, అది మీకు అనుకూలంగా ముగిసిందని, పెట్టడానికి అతనికి సహేతుకమైన కారణం లేదని, దురుద్దేశంతో చేశాడని, మీకు నష్టం జరిగిందని, అన్నీ మీరే రుజువు చేయాలి. ఏడాది గడువు ఇక్కడ కేసు కొట్టేసిన నాటి నుంచి మొదలవుతుంది, హైకోర్టు రద్దు చేస్తే ఆ తేదీ నుంచి. సర్వేయరు తప్పు కొలత చూసి నిజంగానే తన భూమి అనుకుని ఫిర్యాదు చేసిన మనిషి మీద ఈ దావా గెలవదు. ఇంజంక్షన్ పిటిషన్ ఓడిపోయిన మరుసటి వారమే స్టేషన్‌కు పోయినవాడి మీద, "రెండు గుంటలు వదులుకుంటే కేసు వాపసు తీసుకుంటా" అని ఫోనులో మెసేజ్ పెట్టినవాడి మీద గెలవవచ్చు. ఆ మెసేజ్ ఉన్న ఫోను మార్చకండి, అమ్మకండి.

లోక్ అదాలత్ రోజు జాగ్రత్త. అక్రమ ప్రవేశం రాజీకి వీలున్న నేరం, పెద్ద మనుషులు నచ్చజెప్పి సంతకాలు పెట్టిస్తారు. రాజీ మంచిదే, పక్కపక్కనే బతకాల్సినవాళ్లు. కానీ రాజీతో ముగిసిన కేసు మీద దురుద్దేశం దావాకు బలం ఉండదు. పరిహారం కావాలనుకుంటే ఆ మొత్తాన్ని రాజీ షరతుల్లోనే రాయించుకోవాలి, తర్వాత చూద్దాం అంటే ఏమీ ఉండదు.

విచారణ జరిగి మీరు నిర్దోషిగా తేలితే తీర్పు రోజే మీ వకీలు లేచి అడగాల్సినది ఒకటి ఉంది. సహేతుకమైన కారణం లేకుండా ఆరోపణ చేశారని మేజిస్ట్రేటు భావిస్తే, నాగరిక్ సురక్షా సంహితలోని 273వ సెక్షన్ కింద ఫిర్యాదుదారుడి నుంచి అక్కడే పరిహారం ఇప్పించవచ్చు. విడుదల ఉత్తర్వులోనే ఆ మాట రావాలి, మరుసటి నెల గుర్తొస్తే లాభం లేదు. ఆధారం లేకుండా అరెస్టు చేయించినవాడి నుంచి ఇప్పించే 399వ సెక్షన్ పరిహారం మాత్రం ఇప్పటికీ 1,000 రూపాయలు దాటదు. చట్టాలన్నీ కొత్తగా రాసినవాళ్లు ఆ అంకెను మాత్రం అలాగే ఎందుకు వదిలేశారో నాకు అంతుబట్టదు. న్యాయ సంహితలో తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 217వ సెక్షన్, తప్పుడు కేసు పెట్టినందుకు 248వ సెక్షన్ ఉన్నాయి గానీ, 217లో ఫిర్యాదు చేయాల్సింది మోసపోయిన అధికారే. మీరు దరఖాస్తు ఇచ్చి వెంటపడాలి.

దావాలో అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి కాబట్టి కోటి రూపాయలు రాయమని వకీలును ఒత్తిడి చేయకండి. రసీదులతో నిలబడే మొత్తం, దాని మీద పరువు నష్టానికి సబబైన అంకె చాలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్న ఎవరికైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, ఫోను నంబరు 15100. దేవరకొండ తండాల నుంచి వచ్చేవాళ్లు నల్గొండ దాకా రానక్కరలేదు, అక్కడి కోర్టులోని మండల న్యాయ సేవాధికార కమిటీని అడగవచ్చు.

ఈ పోరాటంలో పడి భూమి గడువులు మరిచిపోయేవాళ్లున్నారు. మీరు జైల్లోనో స్టేషన్‌లోనో ఉండగా అవతలివాళ్లు చెలక దున్నేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లో దావా వేస్తే పట్టా ఎవరిదన్న చర్చ లేకుండానే స్వాధీనం తిరిగి వస్తుంది. గొడవ ముదిరి తహసీల్దారు నాగరిక్ సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద స్వాధీనం ఎవరిదన్న విచారణ మొదలుపెడితే, అంతకు ముందు రెండు నెలల్లోపు బలవంతంగా వెళ్లగొట్టబడినవారిని స్వాధీనంలో ఉన్నట్టే లెక్కిస్తారు. దున్నిన రోజు తేదీ, ట్రాక్టరు నంబరు రాసి ఉంచండి.